ఆలస్యం ఎవరిది?



బడిలో నేను ముప్ఫయ్యేళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పాను. గంట కొట్టాక కూడా ఇంకో రెండు నిమిషాలు సాగదీసేవాణ్ని. పిల్లలు గొణుక్కునేవాళ్లే గానీ ఎవరూ అడ్డు చెప్పేవాళ్లు కాదు. రేడియోలో ఆ పప్పులు ఉడకవు. నాకిచ్చిన పావుగంట దాటితే నా వెనక వచ్చే కార్యక్రమానికి ఆలస్యం. అందుకని ఈరోజు ఆలస్యం గురించే నాలుగు మాటలు చెప్పి, వేళకు లేచిపోతాను.

మాది హసన్‌పర్తి. హనుమకొండ నుంచి కరీంనగర్ పోయే రోడ్డు మీద ఉంటుంది. మా రైలు స్టేషన్ పేరు హసన్‌పర్తి రోడ్డు. 1929లో కాజీపేట, బల్లార్షా మధ్య లైను పూర్తయ్యాక మద్రాసు నుంచి ఢిల్లీకి నేరుగా రైలుదారి పడింది. ఆ దారి మీదే మా స్టేషన్ ఉంది. కాబట్టి ఆ దారిన నడిచే పెద్ద పెద్ద రైళ్లన్నీ మా ముందు నుంచే పోతాయి. పోతాయి గానీ ఆగవు. మాకోసం ఆగేది పాసింజరు. దాన్ని అవతలి స్టేషన్‌లో, లూపు లైను అనే పక్క పట్టాల మీద నిలబెట్టి, వెనక నుంచి వచ్చే సూపర్‌ఫాస్టుకు దారి ఇస్తారు.

ఒకరోజు ప్లాట్‌ఫారం మీద జామకాయల గంప పెట్టుకుని కూర్చున్న ఒక అవ్వ, పక్కన ఫోన్ చూసుకుంటున్న కాలేజీ పిల్లవాణ్ని అడిగింది.

"బిడ్డా, బండి ఎంత లేటున్నదో సూడు."

"డిలేడ్ అని వస్తున్నదవ్వా."

"అంటే లేటా?"

"ఆఁ, లేటే."

"మరి లేటని రాయక గదేం మాటరా?"

పిల్లవాడికి ఏం చెప్పాలో తోచలేదు. నా వైపు చూశాడు. నాక్కూడా అప్పటికప్పుడు తోచలేదు. ఇంతలో సూపర్‌ఫాస్టు దడదడమని వెళ్లిపోయింది, ఆ వెనకే పాసింజరు కదిలి వచ్చింది, అవ్వ గంప ఎత్తుకుని ఎక్కేసింది. ఆమెకు ఆరోజు చెప్పలేని జవాబే ఈ ప్రసంగం.

లేటు అంటే అనుకున్న వేళ దాటింది, అంతే. ఆ మాటలో ఆపినవాడి ప్రస్తావన లేదు. పాత ఇంగ్లీషులో దానికి మందకొడి, నెమ్మది అనే అర్థం ఉండేది. కాలానికి సంబంధించిన అర్థం తర్వాత వచ్చింది. డిలేడ్ అలా కాదు. ఎవరో ఆపితే, ఏదో అడ్డం పడితే ఆగిపోయినదాన్ని డిలేడ్ అంటారు. మా పాసింజరు సంగతి సరిగ్గా అదే. అది మెల్లగా నడిచి వెనకబడలేదు, లూపులో నిలబెడితే నిలబడింది. అవ్వ జామకాయలు వాడిపోతే తప్పు బండిది కాదన్నమాట. ఒకే ఆలస్యాన్ని ఒక మాట బండి మీద పెడుతుంది, ఇంకో మాట ఆపినవాడి మీద పెడుతుంది. ఆలస్యానికి ఇంగ్లీషులో ఎన్ని పేర్లున్నాయో లెక్కపెట్టడం నిఘంటువు పని. ఏ పేరు ఎవరి వైపు వేలు చూపిస్తోందో చూసుకోవలసింది మనం.

లేటు గురించి ఇంకో ముచ్చట. మా బడిలో ఒక పిల్లవాడు సెలవు చీటీ తెచ్చాడు. అందులో 'మై ఫాదర్ ఈజ్ లేట్' అని ఉంది. నాకు గుండె జారిపోయింది. వాణ్ని దగ్గరికి తీసుకుని, భుజం మీద చెయ్యి వేసి, "ఎప్పుడయిందిరా?" అని అడిగాను. "రాత్రి పదింటికి సార్" అన్నాడు. "ఎట్లయింది?" అన్నాను. "బస్సు దొరకలేదట సార్, కరీంనగర్ల ఆగిపోయిండు" అన్నాడు! పేరుకు ముందు లేటు అని పెడితే కీర్తిశేషులు అని అర్థం. పెళ్లి పత్రికల్లో చూస్తూనే ఉంటాం. వాళ్ల నాన్న మాత్రం మధ్యాహ్నం బండికి క్షేమంగా ఇల్లు చేరాడు.

మన ఆలస్యం మాట సంగతి చూడండి. అది సంస్కృతం నుంచి వచ్చింది. అక్కడ అలసుడు అంటే సోమరి, ఆలస్యం అంటే సోమరితనం. తెలుగులోకి వచ్చేసరికి అది వేళ మించడం అయింది. అంటే ఎవడు వెనకబడినా వాడు బద్ధకస్తుడే అయ్యుంటాడని ఈ మాట ముందే తీర్పు చెప్పేసింది. ఇంగ్లీషులో ఇలా మందలించే మాట టార్డీ. బడికి వేళకు రాని పిల్లల మీద అమెరికాలో ఆ మాటే వాడతారు. సుస్తీ అనే మాటకేమో దీనికి తలకిందులుగా జరిగింది. పారశీకంలో దానికి అర్థం బద్ధకం. మన దగ్గరికొచ్చాక జబ్బు అయింది. ఒక భాషలో బద్ధకమైనది ఇంకో భాషలో జ్వరమైంది. మాటల్లో కూడా కొన్నిటికి అదృష్టం ఉంటుంది!

ఇక డబ్బు దగ్గరికి వద్దాం. ఆలస్యం అసలు రంగు బయటపడేది అక్కడే.

హసన్‌పర్తిలో మగ్గం నేసే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. మా వాడకట్టులో ఉండే ఒక నేత పెద్దమనిషి ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. చెమటకు తడిసి మడతల దగ్గర చిరగడానికి సిద్ధంగా ఉంది. ఏ బ్యాంకుదో ఇక్కడ అనవసరం.

"సారూ, ఇది జర సదివి చెప్పున్రి. మూడు అప్పులున్నయని రాసిన్రట. నేను తీసుకున్నది ఒక్కటే."

చూశాను. కాగితం మీద మూడు గడులు ఉన్నాయి. ఒకదాని మీద డ్యూ, ఇంకోదాని మీద ఓవర్‌డ్యూ, మూడోదాని మీద అరియర్స్ అని ఉంది. మూడింట్లో మూడు అంకెలు. ఎవరో కుర్రవాడు వాటిని చదివి, మూడు బాకీలని చెప్పి పంపాడట. ఆయన రెండు రాత్రులు నిద్రపోలేదు.

డ్యూ అంటే కట్టవలసినది. గడువు రోజున కట్టేస్తే ఎవరి చేతా మాట పడనక్కర్లేదు. డ్యూ, డెట్, డ్యూటీ, ఈ మూడు మాటలదీ లాటిన్‌లో ఒకటే వేరు. అప్పూ, ధర్మమూ ఒకే వేరు నుంచి పుట్టాయన్నమాట. గడువు తేదీ తెల్లారితే అదే సొమ్ము ఓవర్‌డ్యూ అవుతుంది, అంటే గడువు మీరిన బాకీ. అలా కట్టకుండా వెనకబడిన కిస్తులన్నీ పోగైతే అరియర్స్, మన బకాయిలు. ఫ్రెంచిలో వెనక అనే మాట నుంచి వచ్చింది అది. కాబట్టి ఆ మూడు గడుల్లో ఉన్నది ఒకే అప్పు. మూడు వయసుల్లో కనిపిస్తోంది, అంతే. ఇది చెప్పాక ఆయన ముఖంలోకి నెత్తురు వచ్చింది. "గంతేనా!" అని కాగితం మళ్లీ నాలుగు మడతలు పెట్టుకున్నాడు.

"గంతే" అనలేకపోయాను నేను. ఎందుకంటే బ్యాంకు లెక్కలో వయసుకు విలువ ఉంది. గడువు దాటిన తొలి ముప్ఫై రోజులు ఒక మెట్టు, అరవై దాకా రెండో మెట్టు, తొంభై దాకా మూడో మెట్టు. తొంభై రోజులు దాటితే ఆ ఖాతా నిరర్థక ఆస్తుల జాబితాలోకి వెళ్తుంది. ఎన్‌పీఏ అని పత్రికల్లో చదువుతామే, అదే. మన వాడుకలో మొండి బాకీ. తొలి మెట్టు మీద ఉన్నవాడు బ్యాంకుకు వెళ్లి మాట్లాడుకోవచ్చు. చివరి మెట్టు దిగినవాడికి రేపు ఇంకో అప్పు పుట్టడమే కష్టం. ఇద్దరి గురించీ మనం చెప్పుకునేది మాత్రం ఒకటే: "జర లేటయింది."

సేద్యం అప్పుకు ఈ తొంభై రోజుల లెక్క వర్తించదు. స్వల్పకాలిక పంటలకు తీసుకున్న అప్పు రెండు పంట కాలాలు మీరితేనే మొండి బాకీ. దీర్ఘకాలిక పంటలకైతే ఒక పంట కాలం. రైతు చేతికి డబ్బు నెలజీతంలా రాదని రిజర్వు బ్యాంకు కూడా ఒప్పుకుందన్నమాట. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. పంట రుణాన్ని గడువులోగా కట్టిన రైతుకు ఏడు శాతం వడ్డీలో మూడు శాతం తగ్గించే పథకం ఉంది. లక్ష రూపాయల మీద ఏడాదికి ఆ మూడు శాతం 3,000 రూపాయలు. గడువు మీరితే ఆ రాయితీ చేజారుతుంది. మొండి బాకీ కావడానికి ఇంకా చాలా దూరం ఉండవచ్చు, నష్టం మాత్రం గడువు దాటిన మర్నాడే మొదలవుతుంది.

రైతుకు ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆలస్యాన్ని రకరకాలుగా కొలిచే మాటలు ఆయన దగ్గర ఉన్నన్ని ఏ బ్యాంకు దగ్గరా లేవు. విత్తనం వేళ మించితే అదును తప్పింది అంటాడు. వాన పడ్డాక దున్నకుండా కూర్చుంటే పదును ఆరిపోయింది అంటాడు. కాలువ నీళ్లు రాక నాట్లు ఆగిపోతే నారు ముదిరింది అంటాడు. మృగశిర పోయి ఆరుద్ర వచ్చినా చినుకు లేకపోతే కార్తె దాటింది అంటాడు. సాయంత్రం కాలువ గట్టు నుంచి ఇంటికి బయల్దేరుతూ పొద్దువోయింది అంటాడు. వీటిలో ఒక్కటైనా 'లేటు' అని తిప్పి చూడండి. నారు లేటయింది అంటే దానికి అర్థమే ఉండదు. నారు ముదిరింది అంటే కళ్ల ముందు మడిలో పసుపు పచ్చగా తిరిగిన మొక్కలు కనిపిస్తాయి, పిలకలు తగ్గుతాయని, దిగుబడి తగ్గుతుందని కూడా తెలుస్తుంది. ఆలస్యం ఎంత, దానివల్ల పోయేదెంత, రెండూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి.

అప్పుకు పెట్టే గడువును పంట అదునుతో కలిపితే ఎలా ఉంటుందో మాకు దగ్గరలోనే, ముల్కనూరులో చూడవచ్చు. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి అక్కడ సహకార సంఘం పెట్టారు. ఆ సంఘం అప్పు ఇవ్వడంతో ఊరుకోదు, రైతు పంటను తానే కొంటుంది. అమ్మకం సొమ్ములోంచి అప్పు జమ అవుతుంది. వడ్లు కల్లంలో ఉన్నప్పుడే గడువు వస్తుంది. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు గడువు పెట్టి, తర్వాత ఓవర్‌డ్యూ అని నోటీసు పంపడం కంటే ఇది ఎంత తెలివైన పనో చెప్పనక్కర్లేదు. కొన్ని ఆలస్యాలు అప్పు తీసుకున్నవాడి బద్ధకం నుంచి పుట్టవు, గడువు పెట్టినవాడి లెక్క నుంచి పుడతాయి.

మన అప్పుల మాటల్లో చాలా మాటలు పాత కచేరీల నుంచి వచ్చినవే. బాకీ అంటే అరబ్బీలో మిగిలినది. బకాయి కూడా అదే వేరు నుంచి వచ్చింది. వసూలు అంటే చేరడం. ఇక వాయిదా. ఇది నాకు చాలా ఇష్టమైన మాట. దాని మూలం వాదా, అంటే మాట ఇవ్వడం. ఫలానా రోజు ఇస్తానని మాట ఇవ్వడమే మొదట వాయిదా. మనవాళ్లు ఆ మాటను ఎన్నిసార్లు వెనక్కి జరిపారో గానీ, చివరికి వెనక్కి జరపడానికే వాయిదా అని పేరు పడింది. తగాదా సంగతి కూడా ఇంతే. దాని మూలం తకాజా, అంటే బాకీ కట్టమని అడగడం. ఇచ్చిన మాట వాయిదా అయితే, బాకీ అడిగిన మాట తగాదా అయింది. మన అప్పుల చరిత్ర అంతా ఈ రెండు మాటల్లో ఉంది.

మా నాన్న ట్రంకు పెట్టెలో ఒక ప్రామిసరీ నోటు దొరికింది. రెవెన్యూ స్టాంపు మీద సంతకం, సంతకం కింద తేదీ. స్నేహితుడికి ఇచ్చిన అప్పు అది. నేను చూసేసరికి నాలుగేళ్లు దాటింది. అప్పు నోటుకు మూడేళ్లే ఆయుష్షు. ఆలోగా బాకీదారు నోటు తిరగరాసి ఇచ్చినా, కొంత సొమ్ము కట్టి నోటు వెనక తన చేత్తో చెల్లు రాసి సంతకం పెట్టినా, మళ్లీ కొత్తగా మూడేళ్లు మొదలవుతాయి. మా నాన్న అవేవీ అడగలేదు. స్నేహం మీద నమ్మకం అని అమ్మ అనేది. కోర్టు ఆ నమ్మకాన్ని లెక్కలోకి తీసుకోదు. ఇంగ్లీషులో ఇలాంటి నోటును టైం బార్డ్ అంటారు, అంటే కాలం అడ్డుకట్ట వేసింది. తెలుగులో కాలదోషం పట్టింది అంటాం. ఇనుముకు తుప్పు పట్టినట్టు, మనిషికి పైత్యం పట్టినట్టు కాగితానికి కాలదోషం పడుతుంది. నేను ఇంగ్లీషు మాస్టారినే గానీ, ఈ పందెంలో మాత్రం తెలుగుకే మార్కులు వేస్తాను. ఇక్కడ ఆలస్యం ఎవరిదో గమనించారా? అప్పు తీసుకున్నవాడిది కాదు. అడగనివాడిది.

కొన్ని మాటలు త్వరగా చెప్పి ముందుకు పోతాను, గడియారం చూస్తోంది.

జీవితబీమా ప్రీమియం తేదీ దాటినా నెలవారీ కట్టేవాళ్లకు పదిహేను రోజులు, మిగతావాళ్లకు ముప్ఫై రోజులు వ్యవధి ఉంటుంది. దానికి గ్రేస్ పీరియడ్ అని పేరు, కృపాకాలం అన్నమాట. అది కూడా దాటితే పాలసీ లాప్స్, అంటే జారిపోయింది. ఆదాయపు పన్ను గడువు దాటాక రుసుము కట్టి వేసే రిటర్నుకు బిలేటెడ్ అని పేరు. పుట్టినరోజు మర్నాడు పంపే శుభాకాంక్షలకు కూడా ఆ మాటే వాడతాం. ఒకప్పుడు దారిలో చీకటి పడి చిక్కుకున్న బాటసారిని అలా అనేవారు. మన పొద్దువోయినవాడే అతను. మా పక్కన అనంతసాగరంలో ఇంజనీరింగ్ చదివే పిల్లలు తప్పిన పరీక్షలను బ్యాక్‌లాగులు అంటారు. పొయ్యిలో వెనకగా, రాత్రంతా నిదానంగా కాలడానికి పెట్టే మొద్దు పేరు అది. మొద్దు అనే మాట మన బడుల్లో కూడా ఉంది గానీ, ఆ అర్థంలో పిల్లల్ని పిలవకండి. ఇక డెడ్‌లైన్. 1864లో అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో జైలు గోడకు లోపలగా గీసిన గీత అది. ఖైదీ దాటితే కాల్చేసేవారు. ఆఫీసులో పై అధికారి ఆ మాట అన్నప్పుడు ఇది గుర్తు తెచ్చుకుంటే గడువు భయం కొంచెం చిన్నదిగానే కనిపిస్తుంది.

అరియర్స్ దగ్గరికి ఇంకోసారి వస్తాను. మా నేత పెద్దమనిషికి నిద్ర పోగొట్టిన ఆ మాటే, నాలాంటి పింఛనుదారు చెవిలో పడితే తేనె. కరువు భత్యం అరియర్స్ వచ్చినయంటే ఆ పూట ఇంట్లో మిఠాయి! అదే మాట, అదే అర్థం. ఒకచోట మనం బ్యాంకుకు బాకీ, ఇంకోచోట ప్రభుత్వం మనకు బాకీ. అయితే ఒక తేడా ఉంది. నేను కట్టవలసింది ఆగితే దానికి ఓవర్‌డ్యూ అని పేరు, అపరాధ రుసుము, నోటీసు. నాకు రావలసింది ఆగితే దానికి ఏం పేరు పెడతారో తెలుసా? పెండింగ్.

ఈ ఒక్క మాట కోసమే నేను ఇంతసేపు ప్రయాణం చేశాను. పెండింగ్ మాటకు మూలం లాటిన్, అక్కడ వేలాడటం అని అర్థం. మన విలంబం కూడా అదే, లంబం అంటే వేలాడేది. రెండు ప్రాచీన భాషలు ఒకే బొమ్మ గీశాయి: ఏదో గాలిలో వేలాడుతోంది. ఎవరు వేలాడదీశారు? ఆ మాట చెప్పదు. ఫైలు పెండింగ్, పట్టా పెండింగ్, బిల్లు పెండింగ్. వాక్యంలో ఫైలు ఉంది, పట్టా ఉంది, బిల్లు ఉంది. మనిషి లేడు. డిలేడ్ ఆపినవాణ్ని చూపిస్తుంది, ఓవర్‌డ్యూ బాకీదారును చూపిస్తుంది, టార్డీ బద్ధకస్తుణ్ని చూపిస్తుంది. పెండింగ్ ఒక్కటే ఎవరినీ చూపించదు. అందుకే కార్యాలయాలకు అదంటే అంత ప్రేమ.

చట్టం మాత్రం అక్కడక్కడా ఆ మనిషిని వెతికి పట్టుకుంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం అడిగినదానికి ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే దాన్ని పెండింగ్ అనడానికి వీల్లేదు, నిరాకరించినట్టే లెక్క. కారణం లేకుండా ఆపిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున, 25,000 దాకా జరిమానా వేయవచ్చు, అదీ సొంత జేబులోంచి. ఆలస్యానికి సరైన పేరు పెడితే దానికి ఒక యజమాని దొరుకుతాడని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

రైల్లో కూడా అంతే. మీరు ఎక్కే స్టేషన్‌కు బండి మూడు గంటలకు మించి ఆలస్యమై, మీరు ప్రయాణం మానుకుంటే, రిజర్వేషన్ టికెట్టు డబ్బు మొత్తం వెనక్కి అడగవచ్చు. అయితే బండి కదలక ముందే ఆ పని చేయాలి. మన హక్కు కూడా వేళ దాటితే కాలదోషం పట్టేదే.

శ్రోతలారా, రెండు మాటలు చెప్పి లేస్తాను. మీ ఇంటికి ఇంగ్లీషులో నోటీసు వస్తే అంకె చూసి భయపడకండి. ముందు అంకె పక్కనున్న మాట చూడండి, తర్వాత తేదీ చూడండి, అంకె చివర చూడండి. అర్థం కాకపోతే, ఇదే కాగితం తెలుగులో ఇమ్మని అడగండి. అది మర్యాద తక్కువ పని కాదు. అలాగే ఏ కార్యాలయంలోనైనా మీ పని పెండింగ్ అంటే తల ఊపి వెనక్కి రాకండి. "ఎవరి బల్ల మీద ఉంది? ఏ తారీఖు నుంచి ఉంది?" అని రెండు ప్రశ్నలు అడగండి. జవాబు కాగితం మీద రాసుకుని, కింద ఆనాటి తేదీ వేసుకోండి.

నా పావుగంట అయిపోయింది. సెలవు.